ఫిజిక్స్‌తో పాటు మెటీరియల్స్ సెకండ్ మేజర్: జూనియర్లు తరచుగా అడిగే ప్రశ్నలు, మొహమాటం లేని జవాబులు

అడ్మిషన్ల టైమ్‌లో, మళ్ళీ సెకండియర్‌లో ఆప్షన్ ఫారాలు ఇచ్చే టైమ్‌లో ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను ఫిజిక్స్ మెయిన్‌గా, మెటీరియల్స్ సెకండ్ మేజర్‌గా చదివా, ఇప్పుడు హైదరాబాద్‌లో అదే లైన్‌లో ఉన్నా. కాబట్టి ఇందులో కొంచెం నా పక్షపాతం ఉంటుంది, అది చూస్కుని చదవండి.

అసలు మెటీరియల్స్ ఫిజిక్స్ అండ్ టెక్నాలజీ అంటే ఏంటి? ఫిజిక్స్‌లోనే సాలిడ్ స్టేట్ పేపర్ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?

మౌలాలి దగ్గర ఎన్ఎఫ్‌సీ ఉంది కదా, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971లో పెట్టారు. అక్కడ రియాక్టర్లలో యురేనియం గుళికలు పెట్టే గొట్టాలు జిర్కోనియం అల్లాయ్‌తో చేస్తారు. జిర్కోనియమే ఎందుకు, స్టీల్ చవక కదా అని అడిగితే జవాబు ఫిజిక్స్‌లో ఉంది, జిర్కోనియం న్యూట్రాన్లని దాదాపుగా మింగదు, వదిలేస్తుంది. సరే, అయితే ఖనిజంలో జిర్కోనియంతో పాటు హాఫ్నియం కూడా కలిసే ఉంటుంది, కెమికల్‌గా రెండూ కవలల్లాంటివి, కానీ హాఫ్నియం వందల రెట్లు ఎక్కువ న్యూట్రాన్లు మింగేస్తుంది. దాన్ని విడగొట్టాలి, తర్వాత కరిగించాలి, సాగదీసి పల్చటి గొట్టం చేయాలి (ఆ పని చేసే పద్ధతిని పిల్గరింగ్ అంటారు), గొట్టం గోడలో క్రిస్టల్స్ ఏ వైపు తిరిగి ఉన్నాయో చూడాలి, ఎందుకంటే వేడినీళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్నప్పుడు లోపల హైడ్రైడ్ పలకలు (లోహంలోకి దూరిన హైడ్రోజన్ జిర్కోనియంతో కలిసి తయారయ్యే పెళుసు పలకలు) ఏ దిశలో పేరుకుంటాయో దాన్ని బట్టే ఉంటుంది, తప్పు దిశలో పేరుకుంటే గొట్టం పగులుతుంది. "ఎందుకు" అన్నది ఫిజిక్స్ చెప్పింది, "ఎలా, ఎంత వేడి దగ్గర, ఎంత స్పీడ్‌లో, తర్వాత ఏం తేడా వచ్చింది" అన్నది మొత్తం మెటీరియల్స్. సాలిడ్ స్టేట్ పేపర్‌లో మనం చదివేది ఎక్కువగా లోపం లేని క్రిస్టల్ గురించి, అలాంటిది బయట ఎక్కడా దొరకదు.

అంటే ఇది లోహాల చదువేనా?

కాదు. లోహాలు, సెరామిక్స్, పాలిమర్లు, సెమీకండక్టర్లు, బ్యాటరీ మెటీరియల్స్, అన్నీ. బ్లూ ఎల్ఈడీ కథ తీసుకోండి, ఎరుపు ఎల్ఈడీ 1960ల్లోనే వచ్చింది, నీలం కోసం మాత్రం ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. గాలియం నైట్రైడ్ వాడితే నీలం వస్తుందని జనానికి తెలుసు, ఐడియా లోటేం లేదు. మంచి క్రిస్టల్ పెంచడం రాలేదు, మెగ్నీషియం కలిపినా అది పీ-టైప్‌గా (ఎల్ఈడీకి కావాల్సిన పాజిటివ్ చార్జ్ మోసే వైపుగా) పనిచేయలేదు. చివరికి తేలిందేంటంటే తయారీలో దూరిన హైడ్రోజన్ మెగ్నీషియంని పట్టుకుని కూర్చుంటోంది, హైడ్రోజన్ లేని వాతావరణంలో వేడి చేస్తే వదిలి పోతోంది. ఈ పని చేసిన అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. కెమిస్ట్రీది కాదు, ఇంజినీరింగ్ అవార్డు కాదు, ఫిజిక్స్ నోబెల్! క్రిస్టల్ పెంచినందుకు! మా ఫిజిక్స్ బ్యాచ్‌లో కొందరు ఇప్పటికీ మెటీరియల్స్ అంటే కొంచెం తక్కువ చూపు చూస్తారు, వాళ్ళకి ఇది చెప్పండి.

సెకండ్ మేజర్, మైనర్, డ్యూయల్ డిగ్రీ, ఒకేసారి రెండు డిగ్రీలు... తల తిరుగుతోంది, తేడా ఏంటి?

డ్యూయల్ డిగ్రీ అంటే మామూలుగా ఒక అడ్మిషన్‌లో రెండు పట్టాలు, ఐదేళ్ళు. ఒకేసారి రెండు డిగ్రీలు అన్నది వేరే సంగతి, 2022లో యూజీసీ ఒప్పుకుంది, రెండు వేర్వేరు కోర్సులు, క్లాసు టైమ్‌లు ఢీకొనకూడదు లేదా ఒకటి ఆన్‌లైన్ లేదా దూరవిద్య అయ్యుండాలి. సెకండ్ మేజర్‌లో డిగ్రీ ఒక్కటే, అందులో రెండు సబ్జెక్టుల్లో లోతు ఉందని రాస్తారు.

అంకెల్లో కావాలంటే, 2022 డిసెంబర్‌లో వచ్చిన యూజీసీ ఫ్రేమ్‌వర్క్‌లో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళకి 160. రెండో సబ్జెక్టులో కనీసం 40 శాతం తెచ్చుకుంటే డబుల్ మేజర్, అంటే 120లో 48, 160లో 64. బీటెక్ వాళ్ళకి మైనర్ అంటే ఏఐసీటీఈ లెక్కలో పైన ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు, అంటే ఐదారు సబ్జెక్టులు. తేడా మీకే కనిపిస్తోంది కదా, ఒకటి రుచి చూడటం, ఇంకోటి పూర్తి భోజనం.

ఇక ఎక్కడెక్కడ ఏముంది అంటే, ఐఐటీ కాన్పూర్‌లో సెకండ్ మేజర్ పద్ధతి ఉంది, కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో డబుల్ మేజర్ పద్ధతీ ఉంది, మెటీరియల్స్ సైన్స్ అండ్ మెటలర్జికల్ డిపార్ట్‌మెంటూ ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో నాలుగేళ్ళ బీఎస్‌లో మొదట అందరికీ కామన్, తర్వాత మెటీరియల్సే మేజర్‌గా ఎంచుకుని ఇంకోటి మైనర్ పెట్టుకోవచ్చు. రూల్స్ బ్యాచ్ బ్యాచ్‌కీ మారతాయి, కాబట్టి సీనియర్ చెప్పాడని (నేను చెప్పానని కూడా) నమ్మేయకుండా మీ బ్యాచ్ రెగ్యులేషన్ బుక్ తెరిచి చూడండి. "రెగ్యులేషన్" అన్న మాట వినగానే పక్కన పెట్టేస్తారు అందరూ, తర్వాత ఎనిమిదో సెమిస్టర్‌లో రెండు క్రెడిట్లు తక్కువయ్యాయని ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

ఫిజిక్స్ వాళ్ళే తీసుకోవాలా? మెకానికల్, ఈసీఈ, కెమికల్?

అందరికీ సరిపోతుంది, కాకపోతే లాభం వేరు వేరు. ఈసీఈ వాళ్ళకి సెమీకండక్టర్ ప్రాసెసింగ్ వైపు, మెకానికల్ వాళ్ళకి ఫెయిల్యూర్, ఫెటీగ్, 3డీ ప్రింటింగ్ వైపు, కెమికల్ వాళ్ళకి బ్యాటరీలు, కోటింగ్‌ల వైపు. సీఎస్ఈ వాళ్ళు కూడా ఈ మధ్య వస్తున్నారు, మెటీరియల్స్ డేటా మీద మెషిన్ లెర్నింగ్ చేద్దామని, రండి కానీ ల్యాబ్ తప్పదు అని ముందే తెలుసుకుని రండి.

లోడ్ ఎంత ఉంటుంది? నిద్ర ఉంటుందా?

నిద్ర ఉంటుంది, ఖాళీ మధ్యాహ్నాలు ఉండవు. అసలు సమస్య చదువు ఎక్కువవడం కంటే టైమ్‌టేబుల్, రెండు డిపార్ట్‌మెంట్లూ ల్యాబ్‌లు మధ్యాహ్నం రెండింటికే పెడతాయి, ఇద్దరు హెచ్ఓడీలూ "అవతలి వాళ్ళని మార్చుకోమను" అంటారు. మా దగ్గర ఒక సెమిస్టర్ మొత్తం ఈ గొడవతోనే పోయింది, చివరికి వేరే బ్యాచ్‌తో కలిసి ల్యాబ్ చేసుకోమన్నారు. అందుకే సెకండియర్ మొదట్లోనే ఒక కాగితం మీద మిగిలిన సెమిస్టర్లన్నీ గీసుకోండి, ఏ కోర్సు ఏడాదికి ఒక్కసారే ఇస్తారో దానికి గుండ్రంగా సున్నా చుట్టండి, ఆ సున్నాలు రెండు ఒకే గడిలో పడితే అప్పుడే వెళ్ళి మాట్లాడండి. ఒక సెమిస్టర్ అదనంగా పట్టే అవకాశం కూడా లెక్కలో వేసుకోండి, ఫీజుతో సహా.

ఏ సబ్జెక్టులు ఉంటాయి? థర్మోడైనమిక్స్ మళ్ళీ చదవాలంట, నిజమేనా?

నిజమే, మళ్ళీ చదవాలి, మొదట నాకూ ఒళ్ళు మండింది. కానీ అది ఇది ఒకటి కాదు. ఫిజిక్స్‌లో థర్మో అంటే ఇంజిన్లు, ఎంట్రోపీ, ఆ తర్వాత పార్టిషన్ ఫంక్షన్ రాసి అక్కడి నుంచి అన్నీ లాగడం. మెటీరియల్స్‌లో మొదటి రోజు నుంచీ గిబ్స్ ఫ్రీ ఎనర్జీయే, రెండు ఫేజ్‌ల (అంటే పదార్థం ఉండగలిగే వేర్వేరు రూపాల) ఎనర్జీ వంపులు గీస్తారు, రెండిటికీ కలిపి ఒక టాంజెంట్ గీస్తారు, అది తాకిన రెండు చోట్లే ఫేజ్ డయాగ్రమ్‌లో గీతలవుతాయి. టెంపరేచర్ మార్చుకుంటూ పోతే వంపులు పైకీ కిందకీ జరిగి మొత్తం డయాగ్రమ్ మీ కళ్ళ ముందే తయారవుతుంది. ఐరన్-కార్బన్ డయాగ్రమ్‌ని ఇంటర్‌లో రియాక్షన్లు బట్టీ పట్టినట్టు బట్టీ పట్టే వాళ్ళు ఈ ఒక్క క్లాసు సరిగ్గా వింటే చాలు, బట్టీ అక్కర్లేదు.

మిగతావి: క్రిస్టలోగ్రఫీ, డిఫ్యూజన్, ఫేజ్ ట్రాన్స్‌ఫర్మేషన్స్, మెకానికల్ బిహేవియర్, ఎలక్ట్రానిక్ మాగ్నెటిక్ మెటీరియల్స్, క్యారెక్టరైజేషన్ (పరికరాలతో పదార్థాన్ని పరీక్షించి లోపల ఏముందో చూడటం), ప్రాసెసింగ్. ఫిజిక్స్ వాళ్ళకి క్రిస్టలోగ్రఫీ, ఎలక్ట్రానిక్ మెటీరియల్స్ నల్లేరు మీద నడక. కష్టమయ్యేది మెకానికల్ బిహేవియర్, ఎందుకంటే అక్కడ డిస్‌లొకేషన్లు వస్తాయి. లోపం లేని క్రిస్టల్‌కి ఎంత బలం ఉండాలో 1926లో ఫ్రెంకెల్ లెక్క వేస్తే, స్వచ్ఛమైన లోహం దానికి వెయ్యి రెట్లు, ఇంకా తక్కువ బలానికే వంగిపోతోంది. ఎందుకో 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి ముగ్గురూ ఎవరికి వాళ్ళు విడివిడిగా చెప్పారు, పరమాణువుల వరసలన్నీ ఒక్కసారిగా జరగవు, ఒక లోపపు గీత (అదే డిస్‌లొకేషన్) క్రిస్టల్‌లో పాకుతూ పోతుంది అని. సిద్ధాంతం ముందు వచ్చింది, వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కళ్ళారా చూసింది మాత్రం 1950ల్లో.

సాలిడ్ స్టేట్, థర్మో లాంటివి రెండు మేజర్లకీ లెక్కలోకి వస్తాయా లేక ఒక్కదానికేనా అన్నది కాలేజీని బట్టి, రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

ల్యాబ్‌లో నిజంగా ఏం చేయిస్తారు?

నన్నడిగితే సెకండ్ మేజర్ తీసుకోవడానికి అసలు కారణం ఇదే. థియరీ ఎన్‌పీటీఎల్‌లో ఉచితంగా దొరుకుతుంది, ల్యాబ్ దొరకదు.

మొదటి ప్రయోగం దాదాపు అన్నిచోట్లా మెటలోగ్రఫీ, అంటే లోహాన్ని పాలిష్ చేసి మైక్రోస్కోప్‌లో చూడటం. చిన్న స్టీల్ ముక్క ఇస్తారు, దాన్ని బేకలైట్‌లో మౌంట్ చేసి ఎమరీ పేపర్ మీద అరగదీయాలి, 220 నుంచి మొదలుపెట్టి 400, 600, 800, 1000 అలా (అంకె పెరిగేకొద్దీ పేపర్ నున్నగా ఉంటుంది). పేపర్ మార్చినప్పుడల్లా ముక్కని 90 డిగ్రీలు తిప్పాలి, పాత గీతలు పూర్తిగా పోయి కొత్త గీతలు మాత్రమే కనిపించేదాకా ఆగాలి. తొందరపడి 220 గీత ఒక్కటి మిగిల్చుకుని 1000కి వెళ్ళిపోతే, చివర్లో గుడ్డ మీద అల్యూమినా వేసి ఎంత పాలిష్ చేసినా ఆ గీత మైక్రోస్కోప్ కింద కాలవలా కనిపిస్తుంది, మళ్ళీ మొదటికి రావాలి. అద్దంలా మెరిశాక నైటాల్ రాయాలి, అంటే ఆల్కహాల్‌లో రెండు శాతం నైట్రిక్ ఆసిడ్, కొన్ని సెకన్లే, మెరుపు కాస్త మసకబారగానే కడిగేయాలి. అప్పుడు చూస్తే తెల్లటి ఫెర్రైట్ (దాదాపు కార్బన్ లేని ఇనుము) గింజలు, మధ్యలో వేలిముద్రలా గీతలు గీతలుగా పెర్లైట్ (ఫెర్రైట్, ఐరన్ కార్బైడ్ పొరలు పొరలుగా). 0.4 శాతం కార్బన్ స్టీల్‌లో రెండూ ఇంచుమించు సగం సగం ఉంటాయి, పెర్లైట్ ఎంతుందో కొలిచి కార్బన్ ఎంతో చెప్పేయొచ్చు. (నైటాల్‌ని గాఢంగా కలిపి సీసాలో మూత బిగించి దాచొద్దు, ప్రమాదం. అడిగి, చూసి, కొంచెం కొంచెమే కలపండి.)

ఇంకోటి ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్‌రేలు క్రిస్టల్ మీద పడి ఏ కోణాల్లో చెదురుతాయో చూసి లోపలి అమరిక కనుక్కోవడం. కాపర్ ఎక్స్‌రే, 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు. అల్యూమినియం పెడితే టూ-తీటా 38.5, 44.7, 65.1 దగ్గర పీక్‌లు వస్తాయి. వీటిని సగం చేసి, సైన్ తీసి, వర్గం చేస్తే 0.1087, 0.1446, 0.2895 వస్తాయి. ఇప్పుడు వీటిని వరసగా 3, 4, 8 పెట్టి భాగించండి, మూడూ దాదాపు 0.0362. అంటే అది ఎఫ్‌సీసీ (ఘనం మూలల్లోనూ, ముఖాల మధ్యలోనూ పరమాణువులుండే అమరిక) అని తేలిపోయింది, లాటిస్ పరామీటర్, అంటే ఆ ఘనం అంచు పొడవు, 4.05 ఆంగ్‌స్ట్రామ్‌లు. క్యాలిక్యులేటర్ మీద మూడుసార్లూ దాదాపు ఒకే అంకె వచ్చినప్పుడు కలిగే ఆనందం వేరు, సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే అది రాదు, అందుకే మొదటిసారి చేత్తోనే చేయండి.

మ్యాథ్స్ ఎంత కావాలి? కోడింగ్ రావాలా?

ఫిజిక్స్‌కి చదివిన మ్యాథ్స్ ధారాళంగా సరిపోతుంది. టెన్సర్లు కొంచెం వస్తాయి. కోడింగ్ అంటే పైథాన్ వస్తే చాలు, తర్వాత ఆసక్తి ఉంటే క్వాంటమ్ ఎస్‌ప్రెసో, ల్యామ్‌ప్స్ (పరమాణువుల స్థాయిలో పదార్థాలని కంప్యూటర్‌లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లు), రెండూ ఉచితమే.

ఇంటర్ తర్వాత కెమిస్ట్రీ వదిలేశాను, ఇబ్బందా?

బాండింగ్, రెడాక్స్, కాస్త ఎలక్ట్రోకెమిస్ట్రీ తిరగేయండి చాలు. తుప్పు చాప్టర్, బ్యాటరీ చాప్టర్ రెండూ ఆ ఎలక్ట్రోకెమిస్ట్రీ మీదే నిలబడ్డాయి.

ఇంట్లో "సాఫ్ట్‌వేర్ వదిలేసి ఇనప సామాన్ల చదువేంట్రా" అంటున్నారు, ఏం చెప్పాలి?

మావాళ్ళూ అన్నారు. హైదరాబాద్ మ్యాప్ చూపించండి. కంచన్‌బాగ్ వైపు డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహాల ల్యాబ్), పక్కనే 1973లో పెట్టిన మిధాని (ప్రత్యేక అల్లాయ్‌లు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ), అక్కడే ఎన్‌ఎఫ్‌టీడీసీ (ఇనుము కాని లోహాల టెక్నాలజీ కేంద్రం), బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ (పౌడర్ మెటలర్జీ, కొత్త మెటీరియల్స్ రీసెర్చ్ కేంద్రం), చర్లపల్లిలో సీ-మెట్ (ఎలక్ట్రానిక్స్ మెటీరియల్స్ కేంద్రం), మౌలాలిలో ఎన్ఎఫ్‌సీ. ఇస్రో రాకెట్ మోటార్ కేసింగులకి వాడే మారేజింగ్ స్టీల్ మిధానిలో తయారవుతుంది, 18 శాతం నికెల్, కార్బన్ దాదాపు లేకుండా, 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే బలం వచ్చేస్తుంది. దేశంలో ఇంకే ఊళ్ళోనూ ఇన్ని మెటీరియల్స్ ల్యాబులు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయని నాకు అనిపించదు. మన ఊళ్ళ ముచ్చట కావాలంటే సూరి భగవంతం గారి పేరు చెప్పండి, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, రామన్ దగ్గర పనిచేసి, క్రిస్టల్ సిమెట్రీని బట్టి దాని గుణాలెలా ఉంటాయో లెక్కలు తేల్చిన మనిషి. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్, ఐఐఎస్సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్ అయ్యారు. ఫిజిక్స్ నుంచి మెటీరియల్స్‌కి దారి మనకి కొత్తేం కాదు.

అయితే జీతం గురించి అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు, మొదటి మూడు నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ కంటే తక్కువే ఉంటుంది.

ఉద్యోగాలు ఎక్కడ?

ముందు చేదు సంగతి. ఉక్కు ఫ్యాక్టరీలు, ప్రభుత్వ సంస్థల్లో మెటలర్జీ పోస్టులకి నోటిఫికేషన్‌లో "బీటెక్ మెటలర్జీ" అని స్పష్టంగా అడుగుతారు. బీఎస్సీ ఫిజిక్స్ విత్ సెకండ్ మేజర్ అంటే స్క్రూటినీలోనే పక్కన పెట్టేయొచ్చు, మీరు లోపల ఎంత చదివారన్నది అక్కడ ఎవరూ చూడరు. మీ లక్ష్యం అదే అయితే నిట్ వరంగల్, జేఎన్‌టీయూ హైదరాబాద్, ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట్ల నేరుగా మెటలర్జీ బీటెక్ చేయండి, ఇంత చుట్టు తిరగక్కర్లేదు.

సెకండ్ మేజర్ పనికొచ్చేది రీసెర్చ్ ల్యాబుల్లో ప్రాజెక్ట్ పోస్టులకి, జేఆర్ఎఫ్‌కి, క్యారెక్టరైజేషన్ పరికరాలు అమ్మే, నడిపే కంపెనీలకి, టెస్టింగ్ ల్యాబులకి, బ్యాటరీ, కోటింగ్ కంపెనీలకి. గుజరాత్‌లో ధొలేరా, సనంద్‌లో చిప్ పనులు మొదలయ్యాయి కాబట్టి ప్రాసెస్ ఇంజినీర్ల అవసరం పెరుగుతోంది, అక్కడ ఫిజిక్స్ ప్లస్ మెటీరియల్స్ మంచి కాంబినేషన్. ఇంటర్వ్యూలో అడిగేది సర్టిఫికెట్ మీద ఏముందని కాదు, "ఎస్ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) మీరే ఆపరేట్ చేశారా, టెక్నీషియన్ చేస్తుంటే వెనక నిలబడి చూశారా" అని. రెండో రకం వాళ్ళు ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.

గేట్‌లో ఏ పేపర్?

మూడు దారులు. ఫిజిక్స్ పేపర్, మెటలర్జీ పేపర్, లేదా ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్). ఎక్స్‌ఈలో ఇంజినీరింగ్ మ్యాథ్స్ తప్పనిసరి, మిగతా సెక్షన్లలో రెండు ఎంచుకోవాలి, మెటీరియల్స్ సైన్స్ ఒకటి, దానికి తోడు థర్మోడైనమిక్స్ పెట్టుకుంటే మన వాళ్ళకి హాయి. ఫిజిక్స్ స్కోర్‌తో మెటీరియల్స్ ఎంటెక్‌కి చాలా చోట్ల ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్ళని తీసుకుంటారు, ఎవరు ఏ పేపర్ ఒప్పుకుంటారో ఆ ఏడాది బ్రోచర్‌లో చూడండి. మెటలర్జీ పేపర్‌లో ఇనుము తీయడం, ఖనిజాలు శుద్ధి చేయడం కూడా ఉంటాయి, సెకండ్ మేజర్‌లో అవి పెద్దగా రావు, విడిగా చదువుకోవాలి.

అమెరికా, జర్మనీ వెళ్ళాలంటే ఉపయోగమా?

ఎక్కువ ఉపయోగం జర్మనీకి, ఎందుకంటే అక్కడ మాస్టర్స్ అడ్మిషన్‌లో మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో మెటీరియల్స్ సబ్జెక్టులు ఎన్ని క్రెడిట్లున్నాయో లెక్కపెట్టే యూనివర్సిటీలు ఉన్నాయి, ఉత్త ఫిజిక్స్ వాళ్ళు అక్కడ తప్పిపోతుంటారు. అమెరికాలో ఫిజిక్స్ డిగ్రీతోనే మెటీరియల్స్ ఎంఎస్ ఇస్తారు, సెకండ్ మేజర్ ఉంటే ఎస్ఓపీలో రాసుకోవడానికి విషయం ఉంటుంది. మెటీరియల్స్ సైన్స్ స్టెమ్ లిస్టులో ఉంది కాబట్టి మామూలు 12 నెలల ఓపీటీకి (చదువయ్యాక అక్కడే పనిచేసుకోవడానికి ఇచ్చే గడువు) పైన ఇంకో 24 నెలలు వస్తాయి. ఆరిజోనా, టెక్సస్, ఓరెగాన్ వైపు ఫ్యాబుల్లో (చిప్ ఫ్యాక్టరీల్లో) మనవాళ్ళు బాగానే ఉన్నారు. వీసా సంగతులు మాత్రం ఎప్పటికప్పుడు మారుతుంటాయి, కన్సల్టెన్సీ వాడు చెప్పిందే వేదం అనుకోకండి.

డీఎంఆర్ఎల్, ఏఆర్‌సీఐ లాంటి చోట్ల ఇంటర్న్‌షిప్ ఎలా?

కాలేజీ నుంచి లెటర్, మార్కుల మెమో, ఐడీ, ఇవి లేకుండా రక్షణ ల్యాబుల గేటు కూడా దాటలేరు, ఫోన్ లోపలికి రానివ్వరు, సెక్యూరిటీ వెరిఫికేషన్‌కి వారాలు పడుతుంది. కాబట్టి మే నెలకి జనవరిలోనే అడగండి. లెటర్ పంపి కూర్చోవడం కన్నా, ఆ ల్యాబ్ సైంటిస్ట్ రాసిన పేపర్ ఒకటి నిజంగా చదివి, అందులో అర్థం కాని ఒక్క ప్రశ్నతో చిన్న మెయిల్ పెడితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి కూడా అప్లై చేయండి.

మధ్యలో వదిలేస్తే?

ఆకాశమేం కూలదు. చాలా చోట్ల అప్పటిదాకా చేసిన క్రెడిట్లు మైనర్‌కి సరిపోతే మైనర్ ఇస్తారు. మెయిన్ మేజర్‌లో బ్యాక్‌లాగ్‌లు పడుతుంటే పట్టుదలకి పోకుండా మైనర్‌కి దిగిపోండి.

ఎవరు తీసుకోకూడదు?

థియరీ ఫిజిక్స్‌లోనే పీహెచ్‌డీ అని గట్టిగా అనుకున్న వాళ్ళు, ఆ క్రెడిట్లు మ్యాథ్స్‌కి పెట్టుకోండి. రెజ్యూమేలో లైన్ కోసం అనుకునే వాళ్ళు. చేతులు నల్లబడితే చిరాకు పడేవాళ్ళు కూడా.

చేరేముందు ఏం చదవాలి, ఏం ఇన్‌స్టాల్ చేయాలి?

వెస్టా (క్రిస్టల్స్‌ని 3డీలో చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఉప్పు, వజ్రం, సిలికాన్ క్రిస్టల్స్ తిప్పి తిప్పి చూడండి, మిల్లర్ ఇండిసెస్ (క్రిస్టల్‌లో తలాలకి పెట్టే అంకెల పేర్లు) అప్పుడే ఎక్కుతాయి. ఇమేజ్‌జే కూడా పెట్టుకోండి, మైక్రోస్కోప్ ఫోటోల్లో గింజల సైజు కొలవడానికి. రెండూ ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి.

ఫారం ఎక్కడ ఇవ్వాలి?

రెండు డిపార్ట్‌మెంట్ల సంతకాలూ అయ్యాక అకడమిక్ సెక్షన్‌లో. స్టాంప్ వేసిన జిరాక్స్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి. ఆ క్లర్క్ గారు లంచ్‌కి వెళ్తే మూడింటికి గానీ రారు, పొద్దున్నే వెళ్ళండి.